కేంద్రకంలో ప్రోటాను ప్రయాణం

ఈ ప్రసంగం వింటున్నవారు ఒక్క నిమిషంపాటు అరచేతిని వెల్లకిల చాచి ఉంచండి. ఆ నిమిషంలో సుమారు వంద సూక్ష్మకణాలు మీ చేతిగుండా దూసుకొని నేలలోకి దిగిపోతవి. నొప్పి ఉండదు, చప్పుడు ఉండదు, చర్మంమీద గుర్తు ఉండదు. ఇంటికప్పు వానికి అడ్డు కాదు. హిందూపురం సంతలో చింతపండు బేరమాడే వర్తకుని చేతినుంచి, ధర్మవరంలో మగ్గంమీద పేక నడిపే నేతగాని వేళ్ళనుంచి, పెనుకొండ గుట్టలలో మేకలు కాచుకొనే పిల్లవాని నెత్తినుంచి అవి రాత్రింబగళ్ళు పోతూనే ఉన్నవి. వానిలో ఎక్కువభాగం మ్యూఆన్లు. మ్యూఆన్ అంటే ఎలక్ట్రాను వంటిదే గాని, దానికంటే 207 రెట్లు బరువైన కణం. వెనుకటి పుస్తకాలలో దీనిని మ్యూ-మీసాన్ అనేవారు.

ఈ మ్యూఆన్లు నక్షత్రాలనుంచి వచ్చినవి కావు. ఇవి మన నెత్తిమీదనే, చాలావరకు పదిహేను ఇరవై కిలోమీటర్ల ఎత్తున, పుట్టినవి. నక్షత్రాల నడుమనుంచి వచ్చినది వేరొక కణం. అది ప్రోటాను, అనగా ఉదజని పరమాణువు నడిమి గింజ. మహావేగంతో వచ్చిన ఆ ప్రోటాను గాలిలోని నత్రజని కేంద్రకాన్నో, ప్రాణవాయువు కేంద్రకాన్నో తాకుతుంది. ఆ తాకిడిలో, అంతకుముందు అక్కడ లేని కణాలు కొత్తగా పుడతవి. వానిలో ముఖ్యమైనవి పయాన్లు. విద్యుదావేశం గల పయాను పుట్టిన కొద్దిసేపటికే, సెకండులో నాలుగుకోట్లవ వంతు కాలంలో, మ్యూఆనుగా మారిపోతుంది.

అట్టి తాకిడి ఒకదానిలో విద్యుదావేశం గల కణాలు ఎన్ని పుడతవి? తాకబడిన కేంద్రకం చిన్నదైతే ఎన్ని, పెద్దదైతే ఎన్ని? వినడానికి ఇది బడిపిల్లవాడు అడిగే ప్రశ్నవలె ఉన్నది. దీనికి నమ్మదగిన సమాధానం దొరకడానికి ఇంచుమించు నలభై సంవత్సరాలు పట్టింది. దొరికిన సమాధానం చాలామంది అనుకొన్నది కాదు. ఆ కథే ఈనాటి ప్రసంగ విషయం.

ముందుగా శక్తిని కొలవడానికి ఒక కొలబద్ద ఏర్పాటు చేసుకొందాం. ఒక ఎలక్ట్రాను ఒక వోల్టు మెట్టు దిగితే దానికి వచ్చే శక్తి ఒక ఎలక్ట్రాన్ వోల్టు. అటువంటివి నూరుకోట్లయితే గిగా ఎలక్ట్రాన్ వోల్టు. పేరు పొడవుగా ఉన్నది కాబట్టి దీనిని ఈ ప్రసంగంలో ఉత్త 'గిగా' అంటాను. ప్రోటాను కదలకుండా కూర్చున్నా దాని ద్రవ్యంలో ఇమిడి ఉన్న శక్తి దాదాపు ఒక గిగా. కాబట్టి 17 గిగాల ప్రోటాను అంటే తన సొంత బరువుకు పదిహేడురెట్లకు పైబడిన శక్తిని మోసుకొని వస్తున్న ప్రోటాను అన్నమాట.

పదిహేడు అనే అంకెను ఊరకనే ఎన్నుకోలేదు. భూమి ఒక పెద్ద అయస్కాంతం. ఆవేశం గల కణాలను అది వంచి తిరగగొడుతుంది. ధ్రువప్రాంతాలవద్ద ఈ కాపలా బహు పలుచన. అక్కడ బలహీనమైన ప్రోటాన్లు కూడ చొరబడగలవు. అయస్కాంత మధ్యరేఖవద్ద కాపలా మిక్కిలి గట్టిది. ఆ రేఖ మన దక్షిణభారతపు కొనమీదుగా పోతున్నది. అందుచేత హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాలలో ఆకాశంనుంచి నిట్టనిలువుగా దిగవలెనంటే ప్రోటానుకు సుమారు 17 గిగాల శక్తి ఉండి తీరవలె. అంతకు తక్కువ శక్తి గలవానిని భూమి తన వాకిటినుంచే పంపివేస్తుంది. వానకు నోచని సీమ అని మన ప్రాంతాన్ని గురించి అంటూ ఉంటారు. ఈ వానలో మాత్రం మనకు పడేది ఏరి పంపిన గట్టి చినుకే.

ఈ సంగతి తెలిసినందువల్లనే అమెరికా భౌతికశాస్త్రజ్ఞుడు మిలికన్, తన సహచరులు నీహర్, పికరింగ్‌లతో కలిసి 1939–40 శీతకాలంలో మన దేశానికి వచ్చినారు. పెషావరులో, ఆగ్రాలో, బెంగుళూరులో వారు పరికరాలు కట్టిన బెలూన్లను ఎగురవేసి విశ్వకిరణాలను కొలిచినారు. ఉత్తరంనుంచి దక్షిణానికి వస్తున్నకొద్దీ భూమి కాపలా ఎట్లా బిగుస్తున్నదో తెలుసుకోవడం వారి ఉద్దేశం. హిందూపురంలో రైలెక్కితే కొద్దిగంటల ప్రయాణంలో ఉన్న ఆ బెంగుళూరులోనే హోమీ భాభా కూడ విశ్వకిరణ పరిశోధన మొదలుపెట్టినారు. యుద్ధం కారణంగా ఆయన కేంబ్రిడ్జికి తిరిగి వెళ్ళలేక ఇక్కడ నిలిచిపోయినారు. యుద్ధాలవల్ల జరిగే మేలు అరుదు. అట్టి అరుదైనవానిలో ఇది ఒకటి.

ఇక తాకిడి విషయానికి వద్దాం.

పరమాణు కేంద్రకం అంటే ప్రోటాన్లు, న్యూట్రాన్లు కిక్కిరిసి ఉన్న ముద్ద. నత్రజని కేంద్రకంలో పధ్నాలుగు ఉన్నవి, ప్రాణవాయువులో పదహారు, సీసంలో రెండువందల ఎనిమిది. ఈ రెండు రకాల గింజలనూ కలిపి న్యూక్లియాన్లు అంటారు. పెనుకొండ కోటను జ్ఞప్తికి తెచ్చుకోండి. 1565లో తళ్ళికోట యుద్ధం తర్వాత విజయనగర ప్రభువులు రాజధానిని అక్కడికి తరలించినారు. ఆ కోటలో ఒక గోడ దాటితే మరొక గోడ, ఒక వాకిలి దాటితే మరొక వాకిలి. కేంద్రకంలోకి చొరబడిన ప్రోటాను కూడ ఒక న్యూక్లియానును తాకి, దానిని దాటి ఇంకొకదానిని తాకి, ఆవలిప్రక్కకు వెళ్ళవలసి ఉంటుంది. చిన్న కేంద్రకమైతే ఒకటి రెండు తాకిడులు. సీసంవంటి పెద్ద కేంద్రకంలో, వందలాది గిగాల శక్తివద్ద, సగటున మూడున్నరకు పైగా.

1936లో హైజెన్‌బర్గ్ ఒక మాట అన్నారు. శక్తి చాలినంత ఉంటే ఒకే ఒక తాకిడిలో అనేక కణాలు ఒక్కుమ్మడిగా పుట్టుకొని రాగలవని. భాభాతో కలిసి 1937లో విశ్వకిరణ వర్షాల సిద్ధాంతాన్ని నిర్మించిన హైట్లర్‌కు ఇది రుచించలేదు. ఒక్కొక్క తాకిడిలో ఒక్కొక్క కణమే పుడుతుంది, కేంద్రకంలో వరుసగా అనేక తాకిడులు జరుగుతవి కాబట్టి పైనుంచి చూచేవారికి గుంపుగా పుట్టినట్లు కనిపిస్తుంది అన్నది ఆయన పక్షం. ఒకరు గుంపు పుట్టుక అంటే మరొకరు వరుస పుట్టుక అన్నారు. ఎవరిది సరి అని తేల్చడానికి గాలి పనికిరాదు. గాలి కూడ కేంద్రకాలతో చేసినదే గదా! ఒకే గింజ ఉన్న లక్ష్యం కావలె. అది ఉదజని. 1950ల తర్వాత యంత్రాలతో తరిమిన ప్రోటాన్లను శుద్ధమైన ఉదజనిమీద ప్రయోగించి చూస్తే, ఒక్క ప్రోటాను ఒక్క ప్రోటానును తాకినప్పుడు కూడ అనేక కణాలు పుట్టడం కండ్లకు కట్టింది. హైజెన్‌బర్గ్ పక్షం గెలిచింది.

గెలిచినంతలో చిక్కు విడిపోలేదు, ఇంకా బిగుసుకొన్నది. ఎందుకో చూడండి. 200 గిగాల ప్రోటాను ఉదజనిని తాకితే విద్యుదావేశం గల కణాలు సగటున దాదాపు ఎనిమిది వస్తవి. అదే ప్రోటాను పెద్ద కేంద్రకంలో మొదటి గింజను తాకగానే ఎనిమిది పుట్టినవనుకొందాం. ఆ ఎనిమిదీ కేంద్రకంలో ముందుకు పోతూ ఒక్కొక్కటి మరొక గింజను తాకవలె. అప్పుడు ఒక్కొక్కదానికి మరికొన్ని పుట్టవలె. కోట మొదటి వాకిటిలో ఎనిమిదిమంది, రెండవ వాకిటిలో ముప్ఫైమంది, మూడవదానిలో వందమంది అన్నట్లు సంఖ్య విపరీతంగా పెరగవలె. పెద్ద కేంద్రకంనుంచి పుట్టలోనుంచి చీమలవలె కణాలు రావలె.

వచ్చినవా? దీనిని తెలుసుకోవడానికి మొట్టమొదట ఉపయోగపడినది ఫోటో పలక.

ఫోటోపలకమీద జిలాటినులో వెండి బ్రోమైడు రేణువులు పరచి ఉంటవి. విద్యుదావేశం గల కణం వానిగుండా పోతే దారిపొడుగునా రేణువులు మారుపడి, పలకను కడిగినప్పుడు నల్లని చుక్కల బారు తేలుతుంది. ఆస్ట్రియాలో మరియెట్టా బ్లౌ, హెర్తా వాంబాహర్ అనే ఇద్దరు స్త్రీలు 1937లో కొండమీద నెలల తరబడి ఉంచిన పలకలలో ఒక వింత చూచినారు. ఒకే బిందువునుంచి నలుదిక్కులకు గీతలు చిమ్ముకొని ఉన్నవి. వానికి నక్షత్రాలని పేరు వచ్చింది. విశ్వకిరణ కణమొకటి పలకలోనే ఉన్న వెండి కేంద్రకాన్నో బ్రోమీను కేంద్రకాన్నో పగులగొట్టిన గుర్తులవి. మన దేశంలో దేవేంద్రమోహన్ బోసు, బిభా చౌధురి డార్జిలింగు ప్రాంతపు కొండలమీద ఇట్టి పలకలతోనే పని చేసి, మీసాన్ల బరువు కట్టడానికి పూనుకొన్నారు. 1947లో బ్రిస్టలులో పావెల్ బృందం పయానును కనుగొన్నది కూడ ఇటువంటి పలకలలోనే. బిభా చౌధురికి దొరికిన పలకలు యుద్ధకాలపు సాధారణమైన పలకలు, పావెల్‌కు దొరికినవి క్రొత్తగా చేయించుకొన్న శ్రేష్ఠమైన పలకలు. నోబెల్ బహుమానానికీ దానికీ నడుమ ఉన్న దూరంలో కొంతభాగం రసాయనశాలలో పూసిన పూత మందమే అని నాకనిపిస్తుంది.

నక్షత్రంలోని గీతలన్నీ ఒక్క తీరువి కావు. ధర్మవరం నేతగాడు చీర అంచును వెలుతురుకు పట్టి, ఏ పోగు ఎక్కడనుంచి వచ్చినదో చెప్పగలడు. సూక్ష్మదర్శినిముందు కూర్చున్నవారు కూడ గీతను చూచి దాని పుట్టుక చెప్పగలరు. కొన్ని గీతలు కారునలుపు, పొట్టివి. ఇవి దెబ్బతిని వేడెక్కిన కేంద్రకంనుంచి, కాగిన నీటినుంచి ఆవిరివలె నెమ్మదిగా విడిపోయిన ముక్కలు. కొన్ని బూడిదవన్నెవి. ఇవి నేరుగా దెబ్బ తగిలి బయటకు ఎగిరిన ప్రోటాన్లు. లోపల ఎన్ని తాకిడులు జరిగినవో ఉజ్జాయింపుగా చెప్పేవి ఇవే. మిగిలినవి సన్నని, చుక్కలు పలచగా ఉన్న గీతలు. వెలుతురు వేగంలో పదింట ఏడుపాళ్ళకు మించిన వేగంతో పోయిన కణాలు ఇట్టి గీతలు గీస్తవి. వీనిలో అధికభాగం కొత్తగా పుట్టిన పయాన్లు. మనం లెక్కపెట్టవలసినవి ఈ సన్నగీతలను. విద్యుదావేశం లేని పయాన్లు గీత గీయవు. అవి లెక్కకు దొరకవు. అందుచేతనే మొదటినుంచి 'విద్యుదావేశం గల కణాలు' అని అంటూ వస్తున్నాను.

1970 దశకం మొదట్లో అమెరికాలోని ఫెర్మీ ప్రయోగశాల యంత్రం 200 గిగాల ప్రోటాన్లను ఇవ్వగలిగింది. ఆ ధారలో పలకలను ఉంచి, కడిగి, ప్రపంచంలోని అనేక ప్రయోగశాలలలో గీతలు లెక్కపెట్టినారు. మన దేశంలో కూడ చండీగఢ్, జమ్ము, జైపూరు విశ్వవిద్యాలయాలలో ఈ పలకల పనిలో ఆరితేరిన బృందాలు ఉండేవి. ఇది పేరు తెచ్చే పని కాదు. రోజంతా కంటిని కటకానికి ఆనించి చుక్కలు లెక్కించడం. ఒక్కొక్క నక్షత్రానికి ఒక్కొక్క చీటీ. పట్టునేత ఓపిక ఎరిగినవారికి ఈ ఓపిక విలువ నేను చెప్పనక్కరలేదు.

లెక్క తేలింది. పలకలోని కేంద్రకాలు చిన్నవీ పెద్దవీ కలిసి ఉన్నవి. వానిలో ప్రోటాను సగటున రెండున్నర తాకిడులకు పైగా చేస్తుంది. సన్నగీతల సగటు సుమారు పధ్నాలుగు. ఎనిమిదికి పధ్నాలుగు! వందలు కాదు గదా, ఎనిమిదికి రెండున్నర రెట్లు కూడ కాదు, రెట్టింపు కూడ పూర్తిగా కాలేదు.

అదే దశకంలో ఫెర్మీ ప్రయోగశాలలోనే విట్ బూజా అనే భౌతికశాస్త్రజ్ఞుడు తన సహచరులతో ఈ ప్రశ్నను పలకలు లేకుండా అడిగినాడు. బొగ్గు మొదలు యురేనియం దాకా రకరకాల పదార్థాల పలుచని రేకులను ఒకదాని తర్వాత ఒకటి ప్రోటాన్ల ధారకు ఎదురుగా నిలిపి, చుట్టూ ఉన్న గణకాలతో వెలువడిన కణాలను లెక్కించినారు. ప్రయోగం చిన్నది. దానినుంచి వచ్చిన సూత్రం అంతకంటే చిన్నది. కేంద్రకంలో తాకిడుల సంఖ్యకు ఒకటి కలిపి సగం చేయండి. ఉదజనిలో పుట్టే కణాలకు అన్నిరెట్లు ఆ కేంద్రకంలో పుడతవి. తాకిడులు నాలుగైతే అయిదులో సగం, రెండున్నర రెట్లు. పలకల విషయంలో తాకిడులు 2.6 అనుకొంటే, 3.6లో సగం 1.8. ఎనిమిదిని 1.8తో గుణించి చూడండి. పధ్నాలుగు చిల్లర వస్తుంది. 50 గిగాలవద్దా 200 గిగాలవద్దా ఈ నిష్పత్తి దాదాపు మారలేదు.

ఒకటి కలిపి సగం చేయడం ఎందుకు? 1976లో పోలండు దేశస్థులు బియాలాస్, బ్లెషిన్‌స్కీ, చిజ్ అనేవారు దీనికి తేటగా అర్థం చెప్పినారు. ప్రతి తాకిడికి ఇద్దరు భాగస్వాములు. పుట్టే కణాలలో చెరి సగం వారివి. ఉదజనిలో దెబ్బతిన్నవారు ఇద్దరు. కేంద్రకంలో, తాకబడినవారు నలుగురైతే వారి నాలుగు సగాలు, వచ్చిన ప్రోటాను సగం ఒక్కటి. ప్రోటాను నాలుగుసార్లు దెబ్బ తిన్నా దాని వాటా ఒక్కసారే. దెబ్బ తిన్నవానిని వారు 'గాయపడిన న్యూక్లియాన్లు' అన్నారు. గాయాలు ఎన్ని తగిలినవని కాదు, గాయపడినవారు ఎందరని మాత్రమే ఇక్కడ ప్రశ్న.

అయినా అసలు సందేహం తీరలేదు. మొదటి తాకిడిలో పుట్టిన ఆ ఎనిమిదీ తర్వాతి గింజలను ఎందుకు తాకలేదు?

హిందూపురం ప్రాంతపు పట్టురైతులకు ఇది సులభంగా బోధపడుతుంది. రైతు పట్టుపురుగుల గుడ్లు అంటించిన అట్ట ఒకటి కొని సంచిలో పెట్టుకొని ఇంటికి బయలుదేరినాడు. ఒక తల్లిచిలుక పెట్టిన గుడ్లే నాలుగైదు వందలుంటవి. దారిలో నాలుగు సుంకపు గేట్లు ఉన్నవనుకొందాం. పురుగుకు ఇంత అని సుంకం వసూలు చేసే అధికారి సంచి విప్పి చూస్తే అతనికి కనిపించేది ఒక్క అట్ట. పురుగులు ఇంకా పుట్టలేదు. అవి పుట్టేది రైతు ఇల్లు చేరి, అట్టను తట్టలో పరచిన తర్వాత. నాలుగు గేట్లవద్దా అతడు ఒక్క అట్టకే సుంకం కట్టి సాగిపోతాడు.

మొదటి తాకిడిలో ప్రోటాను పొందేది ఆ గుడ్ల అట్ట. అది ఎనిమిది కణాలుగా విడివడడానికి కొంత కాలం కావలె. నిశ్చలంగా ఉన్నవారి లెక్కలో ఆ కాలం అత్యల్పం. వెలుతురు ఒక ఫెర్మీ దూరం పోవడానికి పట్టేంత. సెంటీమీటరులో పదిలక్షల కోట్లవ వంతును ఫెర్మీ అంటారు. ప్రోటాను వ్యాసార్థం ఇంచుమించు అంత. కాని వేగంగా పోయే వస్తువు గడియారం మనకు నెమ్మదిగా నడిచినట్లు కనిపిస్తుందని ఐన్‌స్టీన్ 1905లో చెప్పినాడు గదా. పది గిగాల పయాను గడియారం మన గడియారంకంటే డెబ్బైరెట్లు నెమ్మది. కాబట్టి అది రూపం కట్టేలోపల డెబ్బై ఫెర్మీల దూరం పోయి ఉంటుంది. సీసపు కేంద్రకం ఈ చివరనుంచి ఆ చివరకు పధ్నాలుగు ఫెర్మీలు. ప్రాణవాయువుది ఆరు. అనగా బిడ్డలు పుట్టేసరికి కోట ఎప్పుడో దాటిపోయినది.

పై మాటకు మినహాయింపు ఒకటి ఉన్నది. కొత్తగా పుట్టినవానిలో నెమ్మదిగా నడిచేవి కూడ కొన్ని ఉంటవి. వాని గడియారం అంతగా మందగించదు. అవి కేంద్రకంలోనే పుట్టి, ప్రక్కగింజలను తాకి, అల్లరి చేస్తవి. నల్లగీతలలో, బూడిదగీతలలో కొన్ని ఈ అల్లరి ఫలితమే. ముందుకు దూసుకుపోయే వేగవంతాలకే గుడ్ల అట్ట కథ చెల్లుతుంది.

కాలాన్ని కొలవడానికి మనకు తెలిసిన ఏ గడియారమూ ఇంత చిన్న కాలాన్ని కొలవలేదు. కేంద్రకమే ఇక్కడ గడియారం పని చేసింది. చిన్నదీ పెద్దదీ కేంద్రకాలను మార్చి మార్చి పెట్టి, కణం పుట్టడానికి ఎంత దూరం పడుతుందో తెలుసుకొన్నారు. నా మట్టుకు ఈ శాస్త్రంలో ఇంతకంటే చక్కని యుక్తి కనిపించలేదు.

ఇప్పుడు మరల మన గాలిలోకి రావలె. పైన పుట్టిన పయానుకు రెండు దారులు. మ్యూఆనుగా మారిపోవడం ఒకటి, అంతలోపల మరొక కేంద్రకాన్ని తాకడం రెండవది. మ్యూఆను కేంద్రకాలను అంతగా పట్టించుకోదు. అది గాలిని, కప్పును, మన అరచేతిని, బండను చీల్చుకొని పోతుంది. ఎంత లోతుకు పోతుందన్నది దాని శక్తినిబట్టి. కాబట్టి భూగర్భంలో మ్యూఆన్లను లెక్కపెట్టడమంటే, పైన ఇరవై కిలోమీటర్ల ఎత్తున ప్రోటాను కేంద్రకాన్ని తాకినప్పుడు ఏమి జరిగిందో క్రిందనుంచి ఆరా తీయడమే.

ఆ ఆరా తీసిన చోటు హిందూపురానికి గాలిదారిన సుమారు 130 కిలోమీటర్లు. కోలారు బంగారు గనులు. తెలుగువారు, తమిళులు, కన్నడిగులు తరతరాలుగా చెమటోడ్చిన ఆ గనులు ప్రపంచంలో మిక్కిలి లోతైనవానిలో చేరినవి. భాభా ప్రోత్సాహంతో బి. వి. శ్రీకంఠన్ 1951లో గణకాలను పట్టుకొని ఆ గనులలోకి దిగినారు. లోతు పెరిగినకొద్దీ మ్యూఆన్లు తగ్గినవి. ఆ తర్వాత మియాకే అనే జపాను శాస్త్రజ్ఞుడు, వి. ఎస్. నరసింహం, పి. వి. రమణమూర్తి కలిసి అంతకంతకు లోతులకు పోయి, 1960ల మొదట 2,760 మీటర్ల లోతున పరికరాలు అమర్చినారు. అక్కడ ఒక్క మ్యూఆను కూడ నమోదు కాలేదు.

సున్నా వచ్చిన ప్రయోగాన్ని విఫలమనడం సామాన్యం. వారు అట్లా అనుకోలేదు. మ్యూఆన్ల రద్దీ లేని చోటు దొరికింది కాబట్టి, అక్కడ న్యూట్రినోలకోసం వేచి చూడవచ్చుననుకొన్నారు. న్యూట్రినో కూడ ఆ పయాన్ల, మ్యూఆన్ల సంతానమే. దానికి ఆవేశం లేదు, భూగోళాన్నంతటినీ అడ్డంగా దాటిపోగలదు. 1965లో, సుమారు 2,300 మీటర్ల లోతున, గాలిలో పుట్టిన న్యూట్రినో రాతిలో తాకి పుట్టించిన మ్యూఆను జాడను కోలారు బృందం పట్టుకొన్నది. దక్షిణాఫ్రికాలోని ఒక బంగారు గనిలో రైనెస్ బృందం కూడ ఆ సంవత్సరమే అట్టి జాడను చూచింది. కోలారులో ఆ పరిశోధనలు 1990 దశకం తొలినాళ్ళలో ముగిసినవి. 2001లో గనులే మూతపడినవి. ప్రపంచంలో ఒకానొక శాస్త్రానికి తొలిగుమ్మమైన సొరంగాలలో ఇప్పుడు నీరు నిండి ఉన్నది.

బంగారం మాట వచ్చింది కాబట్టి ఒక ముచ్చట. మన ధర్మవరం, పెనుకొండలకు సమీపాన ఉన్న రామగిరిలో కూడ ఒకప్పుడు బంగారు గనులు నడిచినవి. 2015లో అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో ప్రోటాన్లను బంగారు కేంద్రకాలతో ఎదురెదురుగా తాకించినారు. రామగిరి రాతిలోని బంగారానికీ ఆ యంత్రంలో తిరిగిన బంగారానికీ భేదం లేదు. రెంటిలోనూ గింజకు 79 ప్రోటాన్లు, 118 న్యూట్రాన్లు. తూకంలో మోసం చేయవచ్చును గాని ఈ లెక్కలో చేయడానికి వీలులేదు.

గాలిలోని న్యూట్రినోల లెక్కకు ప్రోటాను–కేంద్రకం తాకిడుల లెక్క పునాది. ఎన్ని పయాన్లు పుట్టినవో తెలియకపోతే ఎన్ని న్యూట్రినోలు రావలెనో తెలియదు. ఎన్ని రావలెనో తెలియకపోతే, తక్కువ వచ్చినవని ఎట్లా అంటాం? 1998లో జపానులోని సూపర్ కామియోకాండే ప్రయోగం, భూమికి ఆవలిప్రక్కనుంచి వచ్చే న్యూట్రినోలలో ఒక జాతి తగ్గుతున్నదని చూపి, అవి దారిలో రూపం మార్చుకొంటున్నవని తేల్చింది. ఆ తర్వాత జెనీవావద్ద సెర్న్ ప్రయోగశాలలో ప్రోటాన్లను బొగ్గువంటి తేలిక కేంద్రకాలతో తాకించి, పుట్టిన పయాన్లను ఒక్కొక్కటిగా లెక్కించే పని ప్రత్యేకంగా పెట్టుకొన్నారు. యాభై ఏళ్ళనాటి ఫోటోపలకల ప్రశ్ననే మరింత సన్నని కొలతతో అడిగినారు.

సెర్న్‌లోని మహాయంత్రంలో 2012 సెప్టెంబరులో మొదటిసారి ప్రోటాన్లను సీసపు కేంద్రకాలతో తాకించినారు. జంటకు 5,020 గిగాల శక్తి. తాకిడికి అడ్డంగా ఉన్న నడిమి భాగంలో, అక్కడి కొలమానం ప్రకారం ఒక్కొక్క ప్రమాణానికి, సుమారు పదిహేడు ఆవేశకణాలు కనిపించినవి. అదే శక్తివద్ద ప్రోటాను ప్రోటానును తాకితే వచ్చేవానికి ఇవి సుమారు మూడురెట్లు. అంత శక్తివద్ద సీసంలో ప్రోటాను చేసే తాకిడులు సగటున ఏడు. ఏడుసార్లు తాకినా మూడురెట్లే. బూజా కాలంనాటి పాఠమే, జంటశక్తిలో సుమారు రెండువందల అరవైరెట్లవద్ద కూడ, ఇంచుమించు నిలిచింది. వెంటనే ఒక కొత్త వింత కూడ ఎదురైంది. ధార వెంబడి దూరదూరంగా పోయిన కణాలు కూడ ఒకే వైపుకు ఒరిగి, ఒక ప్రవాహంలో కలిసి పోయినట్లు వెలువడినవి. చిన్న ప్రోటాను తాకిడిలో ప్రవాహమెక్కడిదని వాదోపవాదాలు జరుగుతున్నవి. అది వేరొక ప్రసంగానికి చాలిన విషయం.

నేను ముగించవలసినది మ్యూఆన్లతోనే. అర్జెంటీనాలోని విశాలమైన మైదానంలో, కిలోమీటరున్నరకొక నీటితొట్టి చొప్పున పదహారువందలకు పైగా తొట్లను పరచి, ఆకాశంనుంచి వచ్చే మహాశక్తి గల కణాలను పట్టి చూస్తున్నారు. మనకు దగ్గరగా ఉదకమండలంలో టాటా సంస్థవారు అంతకు తక్కువ శక్తివద్ద ఇటువంటి పనికే 560 చదరపు మీటర్ల మ్యూఆను దర్శిని నడుపుతున్నారు. అర్జెంటీనా తొట్లలో ఒక తేడా కనిపించింది. గాలిలో ఒక్క తాకిడితో మొదలైన కణవర్షం నేలకు చేరేసరికి, సిద్ధాంతపు లెక్కకంటే మ్యూఆన్లు ఎక్కువగా ఉన్నవి. కొలత తప్పు కాదని పదేపదే చూచినారు. అయితే లెక్కలో ఎక్కడో, ప్రోటానో పయానో గాలికేంద్రకాన్ని తాకినప్పుడు పుట్టేవానినిగూర్చి మనకు తెలిసినదానిలో, లోపమున్నది.

ఆ లోపాన్ని వెదకడానికి సీసం అంతగా ఉపకరించదు. గాలిలో సీసం లేదు. అందుచేత 2025 జూలైలో సెర్న్‌వారు ఆ మహాయంత్రంలో మొదటిసారి ప్రోటాన్లను ప్రాణవాయువు కేంద్రకాలతో తాకించినారు. పెనుకొండమీది గాలిలో క్షణక్షణమూ జరిగే తాకిడి అది. కొద్దిరోజులపాటు దానిని నేలక్రింద, లెక్కపెట్టే పరికరాల నడుమ, కోరినన్నిసార్లు జరిపించి నమోదు చేసినారు.